తొమ్మిదో రౌండ్ తర్వాత వంగే మోకాలు: మా నడక క్లబ్‌లో ఒక కేసు

జూన్ మూడో వారం, పొద్దున ఇంకా ఏడు కాలేదు, హైదరాబాద్ సిటీలోనే ఒక స్టేడియంలో మాస్టర్స్ మీట్, అంటే వయసు పైబడ్డవాళ్ల పోటీలు, ఆడవాళ్ల 5,000 మీటర్ల వేగ నడక, రేస్‌వాకింగ్ అంటారు. నేను కోచింగ్ ఇచ్చే మా క్లబ్ మనిషి, టీచర్, మూడో ప్లేస్‌లో ఉంది. పన్నెండున్నర రౌండ్లలో తొమ్మిది అయిపోయాయి, నేను ఫెన్సింగ్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డా, 24 నిమిషాల 50 సెకన్లు, అంటే కిలోమీటరుకి ఏడు నిమిషాల లోపే నడుస్తోంది, మొహంలో అలసట కూడా పెద్దగా లేదు. పదో రౌండ్ మలుపు తిరగ్గానే చీఫ్ జడ్జి ఎదురొచ్చి ఎర్ర బోర్డు చూపించాడు, అంటే రేస్ నుంచి అవుట్. మూడు రెడ్ కార్డులు, ముగ్గురు వేర్వేరు జడ్జిలు ఇచ్చినవి, మూడింటి మీదా ఒకటే తప్పు, మోకాలు వంగింది అని. ఆమె ట్రాక్ దిగి నా దగ్గరకొచ్చి "సార్, నా మోకాలు వంగుతున్నట్టు నాకే తెలుస్తలేదు, ఇంక నేనేం సరిచేసుకోవాలె" అంది. నా దగ్గర జవాబు లేదు. అది దొరకడానికి ఆరు వారాలు పట్టింది, దొరికింది కూడా ట్రాక్ మీద కాదు. ఆమె పర్మిషన్ తీసుకునే ఇదంతా రాస్తున్నా, పేరు మాత్రం వద్దంది, క్లబ్‌లో అందరూ టీచర్ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే.

ముందు క్లబ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు సగం మోకాలిదైతే సగం క్లబ్‌ది. మాది రెండు రకాల మనుషులున్న క్లబ్. మంగళ, గురువారాలు పొద్దున ఐదింటికి ట్రాక్ మీద, శనివారం ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద రేస్‌వాకింగ్ ప్రాక్టీస్ చేసే బ్యాచ్ ఒకటి, పద్దెనిమిది మంది. ఆదివారం ఊరు దాటి వెళ్లి చెరువు గట్లు, గుట్టలు, బండ్ల బాటలు పట్టుకుని పది పన్నెండు కిలోమీటర్లు మాట్లాడుకుంటూ నడిచే బ్యాచ్ ఇంకొకటి, వాళ్లు నలభై మందికి పైనే. కీసరగుట్ట, నర్సాపూర్ అడవి, గండిపేట వెనక దారులు, వానలు పడ్డాక అనంతగిరి. ఇలా రెండూ ఒకే క్లబ్‌లో ఉండటం మేం కనిపెట్టిందేం కాదు, ఇంగ్లండులో సర్రే వాకింగ్ క్లబ్ 1899 నుంచీ పోటీ నడకనీ పల్లెదారి నడకనీ కలిపే నడుపుతోంది, అదే దేశంలో 24 గంటల్లో వంద మైళ్లు నడిచినవాళ్ల కోసం సెంచూరియన్స్ అని 1911లో మొదలైన సంఘం కూడా ఉంది. అక్కడ పొలాల మధ్య నడిచే దారులకి చట్టప్రకారం హక్కు ఉంటుంది, మనకి అది లేదు, అందుకే మేం ముందురోజే ఊళ్లో ఒకరితో మాట్లాడి, విత్తనం వేసిన చేలో కాలు పెట్టకుండా గట్టు మీదే నడుస్తాం.

నిజం చెప్పాలంటే మొన్నటి దాకా ఈ రెండు బ్యాచ్‌లు పేరుకే ఒక క్లబ్. ట్రాక్ వాళ్లకి ఆదివారం వాళ్లు టైంపాస్ మనుషులు, ఆదివారం వాళ్లకి ట్రాక్ వాళ్లు పలకరిస్తే పలకని మనుషులు. ఫీజు డబ్బులు కోన్లకీ స్టాప్‌వాచ్‌లకీ పోతున్నాయని ఒకసారి పెద్ద గొడవే అయింది. రెండిటికీ వచ్చేది నేనూ టీచరూ ఇంకో ఇద్దరూ, అంతే. నేను కోచ్‌ని కాబట్టి వెళ్తా. ఆమె అయితే ఆదివారం బ్యాచ్‌లో నుంచే వచ్చింది, రెండేళ్లు గుట్టలెక్కి గుట్టలెక్కి ఒకరోజు "సార్, గా వేగంగా నడిచేది నాకు కూడ నేర్పుతరా" అని అడిగింది. వయసు 48, గవర్నమెంట్ స్కూల్లో సోషల్ చెప్తుంది, రోజంతా నిలబడే ఉద్యోగం. ఓపిక గల మనిషి. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, అందుకే ఆమె విషయంలో నా తప్పు నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రేస్‌వాకింగ్ రూల్ తెలియనివాళ్ల కోసం. రెండే షరతులు. ఒకటి, ఎప్పుడూ ఒక పాదమైనా నేలని తాకుతూ ఉండాలి, అంటే జడ్జి మామూలు కంటికి కనిపించేలా గాల్లోకి లేవకూడదు. రెండు, ముందుకి వేసిన కాలు నేలని తాకిన క్షణం నుంచి ఒళ్లు ఆ కాలి మీద నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. మొదటిది కంటికి కనబడితేనే తప్పు, స్లోమోషన్‌లో చూస్తే పెద్ద పెద్ద వాకర్లు కూడా సెకనులో కొన్ని వందోవంతులు గాల్లోనే ఉంటారు, అది లెక్కలోకి రాదు, జడ్జిలకి వీడియో ఉండదు. అనుమానం వస్తే జడ్జి పసుపు బోర్డు చూపిస్తాడు, గాల్లోకి లేస్తే అల లాంటి గీత, మోకాలికైతే మడిచిన కాలు లాంటి గీత. తప్పు ఖాయం అనుకుంటే రెడ్ కార్డు రాసి పంపిస్తాడు, ఒక జడ్జి ఒక మనిషికి ఒక్కటే ఇవ్వగలడు, ముగ్గురివి మూడు పడితే అవుట్. ఇప్పుడు పెద్ద పోటీల్లో చాలావాటిలో పెనాల్టీ జోన్ ఉంది, మూడు పడ్డాక 20 కిలోమీటర్లకైతే రెండు నిమిషాలు అందులో నిలబడి మళ్లీ వెళ్లొచ్చు. మా మీట్‌లో అది లేదు. ఇంకో సంగతి, కార్డు మీద ఏ తప్పో రాస్తారు గానీ ఏ కాలో రాయరు. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి.

మొదటి రెండు రోజులు నేను జడ్జిలదే తప్పని నమ్మా. నా ఫోన్‌లో ఆమె ప్రాక్టీస్ వీడియోలు ముప్పై దాకా ఉన్నాయి, కూర్చుని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశా, మోకాలు కర్రలా నిటారుగా ఉంది, ఎక్కడా వంపు లేదు. చివరికి ముగ్గురూ ఒకటే ఎందుకు రాస్తారు, ముగ్గురికీ ఆమె మీద కోపం ఏముంటుంది అనుకుని సర్దుకుని, సరే, చివరి రౌండ్లలో బలం తగ్గి వంగుతోంది అని నిర్ణయించుకున్నా. కొత్తగా వచ్చేవాళ్లలో మోకాలు వంగడానికి మామూలుగా కనిపించే కారణాలు అవే: అడుగు మరీ ముందుకి చాపి వేయడం, తొడ వెనక కండరం (హ్యామ్‌స్ట్రింగ్) బిగుసుకుని ఉండటం, తొడ ముందు కండరానికి బలం చాలకపోవడం, నడుము దగ్గర ముందుకి వంగడం. నేను తొడ బలానికి వర్కవుట్లు ఇచ్చా, హ్యామ్‌స్ట్రింగ్ స్ట్రెచ్‌లు ఇచ్చా, అలసటలో కూడా ఫామ్ నిలబడాలని 400 మీటర్లవి ఎనిమిది, పది ఫాస్ట్‌గా చేయించా. ఐదు వారాలు. ఆమె ఒక్కరోజు మానలేదు. ఐదో వారం చివర టైం ట్రయల్ పెడితే ఈసారి ఆరో రౌండ్‌కే నడక చెడిపోవడం మొదలైంది, పైగా ముంగాలు, అంటే మోకాలి కింద కాలి ముందువైపు, నొప్పి అని కూర్చుంది. అంటే నేనిచ్చిన మందు రోగాన్ని పెంచింది.

ఆ తర్వాతి ఆదివారం అనంతగిరి, ఆగస్టు మొదటి వారం. వికారాబాద్ దాకా రైల్లో పోయి స్టేషన్ నుంచి నడుచుకుంటూ గుట్ట ఎక్కడం మా పద్ధతి, గుడి దాకా ఐదారు కిలోమీటర్లు ఉంటుంది, మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే అని కొత్తగా వచ్చినవాళ్లకి టీచరే చెప్తుంది ప్రతిసారీ. రాత్రంతా వాన పడి పొద్దున ఆగింది. అనంత పద్మనాభస్వామి గుడి నుంచి కిందికి అడవి బాట దిగుతున్నాం, అక్కడ మట్టి ఎర్రగా మెత్తగా ఉంటుంది, ఆ రోజు మా కంటే ముందు ఎవరూ ఆ దారిన పోలేదు. ఆదివారాలు ఎప్పుడూ అందరికంటే వెనక ఒక పెద్దాయన నడుస్తాడు, రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, 71 ఏళ్లు, ఎవరూ తప్పిపోకుండా చూసే పని ఆయనది. టీచర్‌కి ముంగాలు నొప్పి కాబట్టి ఆమె కూడా వెనకే, ఆయనకి కాస్త ముందు. నేను మాట్లాడదామని ఆగి ఆయన పక్కన కలిశా. ఆయన కర్రతో నేల మీద చూపించి "సార్, గీ అడుగులు చూడున్రి" అన్నాడు.

వంగి చూశా. ఎడమ పాదం అచ్చు చక్కగా ఉంది, మడమ దగ్గర లోతుగా దిగి, ముందుకి పోను పోను పలచబడి, నేరుగా దారి వైపే చూస్తోంది. కుడి పాదం అచ్చులో మడమ గుంటే లేదు. పాదం మొత్తం ఒకేసారి చప్పిడిగా పడ్డట్టు, బొటనవేలి వైపు మట్టి కొంచెం పక్కకి తోసినట్టు, పాదం బయటికి తిరిగి ఉంది. పది అడుగులు ముందుకి పోయి చూశా, ఇరవై అడుగులు పోయి చూశా, ప్రతి కుడి అడుగూ అంతే. ఒక అచ్చులో నీళ్లు అప్పుడే ఊరుతున్నాయి, ఎడమ దాంట్లో మడమ దగ్గర చిన్న గుంటలా నిలిచాయి, కుడి దాంట్లో పలచగా అంతటా పరుచుకున్నాయి.

"ఇది ఈ రోజు నొప్పి వల్లనా అంకుల్" అని అడిగితే "కాదు సార్, గా బిడ్డ కుడికాలు ఎప్పటిసంది గట్లనే పెడ్తది, నేను ఏడాది పైనుంచి ఎనక నడుస్తున్న గద, చూస్తనే ఉన్న. పట్టాల మీద పని జేసిన సార్ నేను, నడక జూస్తె తెలుస్తది" అన్నాడు. మరి చెప్పలేదేం అంటే "మీరు అడగలే" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

అదే రోజు ఇంకోటి కూడా చూశా. గుడి దగ్గర కుళాయి కింద అందరూ గొంతుక్కూర్చుని కాళ్లు కడుక్కుంటుంటే ఆమె ఒక్కతే నిలబడి వంగి కడుక్కుంది, కూర్చోబోతే కుడి మడమ నేలకి ఆనట్లేదు. అడిగితే చెప్పింది, పదిహేనేళ్ల కింద బస్సు దిగుతూ జారి కుడి చీలమండ బెణికిందంట, కట్టు కట్టి నాలుగు వారాలు ఉంచి తీసేశారు, నొప్పి పోయింది, తర్వాత ఎక్సర్‌సైజులు ఏమీ చేయలేదు, అప్పట్నుంచీ ఇంట్లో కూరగాయలు తరగడానికైనా పీట కావాల్సిందే. "గది నడకకి సంబంధం ఉంటదని నాకేం తెల్సు సార్" అంది. క్లబ్‌లో చేరేటప్పుడు నేనిచ్చే ఫామ్‌లో పాత దెబ్బలు అని ఒక గడి ఉంది, అందులో ఆమె "లేవు" అని రాసింది, నొప్పి లేకపోతే దెబ్బ లేనట్టే కదా ఎవరికైనా. ఇప్పుడు ఆ గడి తీసేసి గొంతుక్కూర్చోబెట్టి చూస్తున్నా, అది అబద్ధం చెప్పదు.

మరి నా ముప్పై వీడియోల్లో ఎందుకు కనపడలేదు? ట్రాక్ మీద ఎడమ చేతి వైపు తిరుగుతూ నడుస్తాం, నేను ఎప్పుడూ మధ్యలో గ్రౌండ్‌లో నిలబడి షూట్ చేస్తా, అక్కణ్ణుంచి దగ్గరగా కనిపించేది ఎడమ కాలు, కుడి కాలు దాని వెనక దాగిపోతుంది. జూన్ మీట్ రోజు జడ్జిలు బయటి లేన్ల వైపు నిలబడ్డారు. వాళ్లు చూసింది ఒక కాలు, నేను చూసింది ఇంకో కాలు. ఈ వాక్యం రాయడానికి కూడా నాకు కష్టంగానే ఉంది, ఇరవై ఏళ్లు ఈ ఆటలో ఉన్నా.

సోమవారం ఫిజియో దగ్గరికి తీసుకెళ్లా. గోడ ముందు పాదం పెట్టి మడమ లేపకుండా మోకాలితో గోడని తాకించే టెస్ట్ ఉంటుంది, ఎంత దూరం నుంచి తాకగలిగితే చీలమండ అంత వంగుతున్నట్టు. ఎడమ కాలికి 10 సెంటీమీటర్లు వచ్చింది, కుడికి 4. మోకాలు చాపి ఉంచి పిక్కని చూస్తే కుడి వైపు తాడులా బిగుసుకుని ఉంది. అక్కణ్ణుంచి కథ అర్థమైంది. రేస్‌వాక్‌లో మడమ ముందు పడాలంటే కాలి వేళ్లు బాగా పైకి లేవాలి. చీలమండ బిగుసుకుపోతే వేళ్లు లేవవు, లేవకపోతే పాదం నేలకి తగలకుండా ముందుకి తేవడానికి మోకాలు వంచాలి, పాదం బయటికి తిప్పాలి, అప్పుడు పాదం చప్పిడిగా పడుతుంది, అలా పడ్డ కాలికి మోకాలు వంగే ఉంటుంది. మొదటి తొమ్మిది రౌండ్లు ముంగాలి కండరం బలవంతంగా వేళ్లని పైకి లాగి పట్టుకునేది, అది అలసిపోయాక వదిలేసేది. అందుకే తప్పు చివర్లో బయటపడేది. నేనిచ్చిన 400 మీటర్ల పరుగు లాంటి నడకలు పిక్కని ఇంకా బిగించాయి, ముంగాలి మీద ఇంకా బరువు వేశాయి, ఆరో రౌండ్‌కే రావడం అందుకే. తొడకి ఎంత బలం తెచ్చినా ఈ తాళం తెరుచుకోదు.

చేసిన పని పెద్ద రహస్యమేం కాదు. మూడు వారాలు ఫాస్ట్ నడక పూర్తిగా ఆపేశాం, ఆదివారం నడక మాత్రం ఉంచాం, చిన్న అడుగులతో, దిగుడు దారులు తగ్గించి. ఫిజియో వారానికి రెండుసార్లు చీలమండని చేత్తో కదిలించేది. ఇంట్లో గోడ ఎక్సర్‌సైజ్ రోజుకి మూడుసార్లు పదిహేనేసి, మెట్టు అంచున వేళ్లు ఆనించి మడమలు నెమ్మదిగా కిందికి దించడం, పిక్క స్ట్రెచ్ మోకాలు చాపి ఒకసారి వంచి ఒకసారి. ఇవి కాకుండా గుమ్మం పట్టుకుని గొంతుక్కూర్చోవడం, మొదట పది సెకన్లు. ఇది ఆమెకి బాగా నచ్చింది, ఎందుకో తెలియదు, పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి గుమ్మం పట్టుకుని కూర్చునేదంట పొంగే దాకా. స్టాఫ్‌రూమ్‌లో కుర్చీలో కూర్చుని మడమలు ఆనించి వేళ్లు పైకెత్తడం, ట్రాక్ మీద 20 మీటర్లు మడమల మీదే నడవడం ఆరుసార్లు. ఆరు వారాలకి 4 సెంటీమీటర్లు 6 అయింది, పది వారాలకి 7న్నర.

సెప్టెంబర్ నుంచి టెక్నిక్ మొదలుపెట్టాం, ఇక్కడ ఎక్కువ టైం పెట్టాల్సొచ్చింది, ఎందుకంటే చీలమండ వదులైనా పదిహేనేళ్ల అలవాటు వదలదు. చాలామంది అనుకున్నట్టు రేస్‌వాక్‌లో వేగం కాలు ముందుకి చాపితే రాదు, వెనక కాలు నేలని చివరిదాకా తోస్తే వస్తుంది, తుంటి ముందుకీ వెనక్కీ తిరిగి ఆ అడుగుకి పొడవు ఇస్తుంది. గాల్లోకి ఎగరకూడదు కాబట్టి పొడవంతా తుంటి నుంచే రావాలి, అందుకే రెండు పాదాలూ ఇంచుమించు ఒకే గీత మీద పడతాయి, నడుము అలా ఊగుతుంది. లేన్ గీత మీద సుద్దపొడి చల్లి దాని మీద నడిపించా, కుడి పాదం బయటికి తిరిగితే పొడి మీద వెంటనే కనిపిస్తుంది, అనంతగిరి మట్టి చేసిన పని ట్రాక్ మీద సుద్ద చేసింది. ఫోన్‌లో టిక్ టిక్ అని తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టి నిమిషానికి 160 అడుగులు, కుదిరాక 168, తర్వాత 176. అడుగు పొట్టిగా, తొందరగా. పిల్లలకైతే బర్మింగ్‌హామ్ 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో మన ప్రియాంక గోస్వామి 10,000 మీటర్లు 43 నిమిషాల 38 సెకన్లలో నడిచి సిల్వర్ తెచ్చిన రేస్ చూపిస్తా, టీచర్‌కీ అదే చూపించా, వేగం చూడొద్దు, మడమ పడ్డప్పుడు వేళ్లు ఎక్కడున్నాయో మాత్రమే చూడమన్నా.

ఆ నడుము ఊగడం గురించి ఒక మాట, ఇది కేసులో భాగమే. జూలైలో శనివారం రోడ్డు ప్రాక్టీస్‌లో ఆమె కొంచెం ఒంటరిగా వెనకబడితే బైక్ మీద ఇద్దరు కుర్రాళ్లు పక్కన స్లో చేసి వెక్కిరిస్తూ అర కిలోమీటరు వచ్చారు. ఆమె నాకు చెప్పలేదు, ఆ రోజు నుంచి తుంటి కదలకుండా బిగించి నడవడం మొదలుపెట్టింది, నేను దాన్ని కూడా టెక్నిక్ లోపం అనుకున్నా. నలభై ఎనిమిదేళ్ల టీచర్, రోడ్డు మీద తన స్టూడెంట్ల వయసు పిల్లల చేత అలా అనిపించుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. తుంటి బిగిస్తే అడుగు పొడవు కోసం కాలు ముందుకి చాపాల్సి వస్తుంది, చాపితే మోకాలు వంగుతుంది. ఈ సంగతి ఆదివారం బ్యాచ్ ఆడవాళ్లకి ఎప్పుడో తెలుసు, నాకు సెప్టెంబర్లో తెలిసింది. తర్వాతి శనివారం నుంచి వాళ్లే ఆరుగురు ఉస్మానియాకి రావడం మొదలుపెట్టారు, రోడ్డుకి అటూ ఇటూ రెండేసి మందిగా నిలబడి ఉంటారు, కుక్కలొచ్చినా మనుషులొచ్చినా వాళ్లే చూసుకుంటారు. ఎవరూ రమ్మనలేదు.

అప్పుడు నాకు అనిపించింది, వీళ్లని ఊరికే నిలబెట్టడం ఎందుకని. అట్ట మీద రంగు కాగితం అంటించి జడ్జిలు చూపించే ఆ రెండు గీతల పసుపు బోర్డులు చేశా, ఒక కిలోమీటర్ లూప్ మీద ఆరు చోట్ల నిలబెట్టి మూడు శనివారాలు చూడటం నేర్పించా. ఎక్కడ చూడాలంటే మడమ పడ్డ క్షణం, అంతే, మొహం చూడొద్దు, వేగం చూడొద్దు. రైల్వే పెద్దాయన అందరికంటే బాగా చూస్తాడు. ఆయన పసుపు బోర్డు ఎత్తితే మా పిల్లలు ఇప్పుడు వాదించరు. ఒక రోజు నేను వీడియో తీసి ఆయన ఎత్తిన ప్రతిదాన్నీ సరిచూశా, తొమ్మిదిసార్లు ఎత్తితే ఎనిమిది కరెక్ట్.

ఇదంతా అందరికీ నచ్చింది అని చెప్పను. ట్రాక్ బ్యాచ్‌కి నెలకి రెండు ఆదివారాలు తప్పనిసరి అని అక్టోబర్లో రూల్ పెట్టా. ఇద్దరు మంచి కుర్రాళ్లు వేరే గ్రూపుకి వెళ్లిపోయారు, మెల్లగా నడిస్తే కాళ్లు పాడవుతాయని వాళ్ల బాధ. ఒక అమ్మాయి మాత్రం గట్టిగా వాదించింది, నేషనల్స్ టార్గెట్ ఉన్న పిల్ల, తన మాటలో న్యాయం ఉంది, శనివారం కష్టమైన ప్రాక్టీస్ చేశాక ఆదివారం గుట్ట దిగితే తొడలు పట్టేస్తాయి. ఆమెకి గుట్టలు లేని రూట్లు పెట్టాం, పోటీకి మూడు వారాల ముందు మినహాయింపు ఇచ్చాం. కానీ ఆమెకి ఒకటి చెప్పా. 2026 నుంచి పెద్ద పోటీల్లో 20 కిలోమీటర్లు పోయి హాఫ్ మారథాన్ వచ్చింది, 35 కిలోమీటర్లు పోయి మారథాన్ వచ్చింది, కాళ్ల మీద గంటల తరబడి ఉండే ఓపిక ఎక్కడో ఒకచోట కట్టాలి, దానికి ఆదివారం కంటే చవకైన చోటు నాకు తెలియదు. జపాన్ వాకర్ యమనిషి 2025లో 20 కిలోమీటర్లు గంటా 16 నిమిషాల 10 సెకన్లలో నడిచి ప్రపంచ రికార్డు పెట్టాడు, కిలోమీటరుకి నాలుగు నిమిషాల కంటే తక్కువ, మనలో చాలామంది అంత వేగంగా పరిగెత్తలేం కూడా. అంత వేగం నా క్లబ్‌లో ఎవరికీ రాదు. కానీ తప్పు లేకుండా నడవడం అందరికీ రావచ్చు.

డిసెంబర్లో మళ్లీ మాస్టర్స్ మీట్, మళ్లీ 5,000 మీటర్లు. ఈసారి ఆదివారం బ్యాచ్ నుంచి పందొమ్మిది మంది వచ్చారు, జూన్‌లో ఒక్కరూ లేరు. నేను ఫెన్సింగ్ బయట, జడ్జిల వైపు నిలబడ్డా. ఆమెతో ముందే అనుకున్నాం, కిలోమీటరుకి ఇంచుమించు 7 నిమిషాల 10 సెకన్లు, అంతకంటే పెద్దగా వేగం వద్దు, ఎవరు దాటుకుపోయినా సరే. ఐదో రౌండ్‌లో ఒక పసుపు బోర్డు పడింది, మోకాలికే. నా గుండె జారింది. ఆమె అడుగు ఇంకా పొట్టి చేసింది, చేతులు తొందరగా ఊపింది, అది నేను చెప్పింది కాదు, తనే చేసుకుంది. తొమ్మిదో రౌండ్ దాటింది. పదకొండో రౌండ్‌లో, ఎవరికెన్ని కార్డులో చూపించే పెద్ద బోర్డు మీద ఆమె నంబర్ పక్కన ఒక రెడ్ కార్డు గుర్తు వచ్చింది. మలుపులో పెద్దాయన ఫెన్సింగ్ పట్టుకుని "ఏళ్లు లేపు బిడ్డా, ఏళ్లు లేపు" అని అరుస్తున్నాడు, ఇంకేం అనలేదు, ప్రతి రౌండూ అదే. 35 నిమిషాల 42 సెకన్లు, ఐదో ప్లేస్, ఒక రెడ్ కార్డు. జూన్‌లో నడిచిన వేగం కంటే తక్కువే, కానీ ఫినిష్ లైన్ దాటిన రేస్ ఇదే.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. కుడి చీలమండ 8 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది, ఫిజియో ఇంకొంచెం రావచ్చంటోంది, పాత దెబ్బ కాబట్టి ఎడమతో సమానం అవుతుందని నేను అనుకోవట్లేదు. చలికాలం పొద్దున పిక్క బిగుసుకుంటుంది, వార్మప్ పదిహేను నిమిషాల నుంచి ఇరవై ఐదుకి పెంచాం. కుడి షూ మడమ ఇప్పుడు అరుగుతోంది, ఇంతకుముందు ముందుభాగం మాత్రమే అరిగేది, అది చూసి ఇద్దరం సంతోషపడ్డాం. వీడియోలు ఇప్పుడు రెండు వైపుల నుంచీ తీస్తున్నా, బయటి వైపు ఫోన్ పట్టుకునేది ఆదివారం బ్యాచ్‌లో ఎవరో ఒకరు.

సంక్రాంతి తర్వాతి ఆదివారం మళ్లీ అనంతగిరి వెళ్లాం. మట్టి ఎండిపోయి గట్టిగా ఉంది, అచ్చులు పడలేదు. గుడి దగ్గర కుళాయి కింద టీచర్ గొంతుక్కూర్చుని కాళ్లు కడుక్కుంది, కుడి మడమ కింద ఇంకా ఒక వేలు పట్టేంత సందు ఉంది. పెద్దాయన వంగి ఆ సందు చూసి "ఎండాకాలం దాక పోతది తియ్" అన్నాడు.